చివరి ఆకు దాకా సిగ్నల్

మా వదిన హైమావతి ఇంట్లో చేసిన ఆఖరి పని, వాలిపోయిన ఏంటెన్నాను నిలబెట్టడం. పోయిన అక్టోబరులో ఒక మధ్యాహ్నం ఛాతీ బరువుగా ఉందంటే అన్నయ్య కారు బయటికి తీశాడు. ఒక చెప్పు వేసుకుని, రెండోది వేసుకోబోతూ ఆవిడ ఆగిందట. ముందుగదిలో రూటరుకున్న ఏంటెన్నాల్లో ఒకటి పక్కకి ఒరిగి ఉంది. ఒంటి చెప్పుతోనే వెనక్కి వెళ్ళి దాన్ని నిటారుగా నిలబెట్టి, చున్నీ కొసతో దుమ్ము తుడిచి, "కింద పిల్లకి క్లాసుంది" అని అన్నయ్యకు సంజాయిషీ ఇచ్చి కారెక్కింది. ఆసుపత్రి నుంచి తిరిగి రాలేదు.

ఈ సంగతి అన్నయ్య నాకు చాలాసార్లు చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ ఒంటి చెప్పు దగ్గరికి వచ్చేసరికి మాట ఆపేస్తాడు. నేను మాత్రం లోలోపల వదినతో పోట్లాటకు దిగుతాను. గుండె పట్టుకుని ఏంటెన్నా సర్దడమేమిటి వదినా అంటాను. ఆవిడ ఏమనేదో నాకు తెలుసు. వాలిపోయినదాన్ని అలాగే వదిలేసి పొమ్మంటావా అనేది.

వదినా ఆడపడుచులు ఒకళ్ళనొకళ్ళు ఏడిపించుకోవడం మా కోనసీమ వైపు మర్యాదలో భాగం. మాటలు మెత్తగా ఉన్నాయంటే ఆ ఇంట్లో ఏదో గొడవ జరిగిందని చుట్టాలు చెవులు కొరుక్కుంటారు. ఆ లెక్కన మాది చాలా ఆరోగ్యమైన ఇల్లు. ఆవిడ పెళ్ళయి వచ్చేనాటికి నేను కాలేజీలో చదువుతున్నాను. కొత్త పెళ్ళికూతురు పెట్టిన మొదటి కాఫీ తాగి, ఇది కాఫీయా కషాయమా అని అడిగాను. ఆవిడ తొణకలేదు. "ఆడపడుచు అర్ధమొగుడని విన్నాను. మీ అన్నయ్య అరమొగుడు, నువ్వు మొగుడున్నర" అంది. అప్పటినుంచి కెనడా వచ్చి, నేను ఏజాక్స్‌లోనూ వాళ్ళు స్కార్‌బరోలోనూ స్థిరపడ్డాక కూడా, ఒక్క ఆదివారమూ ఆ బాకీ తీరింది లేదు.

వదిన ఏంటెన్నాల పిచ్చి అర్థం కావాలంటే ముందు ఆవిడ పుట్టింటి సంగతి ఒకటి చెప్పాలి. వాళ్ళ నాన్న వీరభద్రరావు గారు రామచంద్రపురంలో పెళ్ళిళ్ళకి వడ్డన అజమాయిషీ చేసేవారు. వంట ఆయన పని కాదు. వడ్డించేవాళ్ళు పంక్తి మొదట్లో నేతిగిన్నె బోర్లించి, చివరికి వచ్చేసరికి గరిటె గీకుతుంటే పట్టుకోవడం ఆయన పని. అందుకని ఆయన ఎప్పుడూ పంక్తి మొదట్లో నిలబడేవారు కాదట. చివరి ఆకు వెనకాల నిలబడేవారు. పెద్దమనుషులు మొదట్లో కూర్చుంటారు, వాళ్ళకి ఎలాగూ అందుతుంది, చివర కూర్చున్న పిల్లాడికి బూరె పడిందా లేదా అన్నదే వడ్డన అనేవారట. వదిన గౌన్లు వేసుకునే రోజులనుంచీ ఆయన పక్కన నిలబడి ఇదే నేర్చుకుంది. చదువు డిగ్రీ దాకా సాగింది కానీ, ఆవిడ చదువంతా నిజానికి ఆ ఒక్క ముక్క.

స్కార్‌బరోలో వృద్ధాశ్రమం వంటింట్లో పనిచేసినన్నాళ్ళూ కారిడారు చివరి గదికి సూప్ వేడిగా వెళ్ళిందా లేదా అని చూసొచ్చేది. మా ఇంట్లో పేరంటం పెడితే చివర కూర్చున్న ఆవిడ చేతిలో తాంబూలం చూశాకే తను కూర్చునేది. బస్సులో వెనక సీట్లో వాళ్ళకి హీటరు తగులుతోందా అని ఒకసారి డ్రైవర్ని అడిగింది. నేను ఆ రోజు తర్వాత ఆవిడతో బస్సెక్కడం మానేశాను.

ఆ తర్వాత చదువులకొచ్చే పిల్లల వరద వచ్చింది. ఆ రెండు మూడేళ్ళు విమానాలు నిండుగా మన పిల్లలే దిగేవారు. ఫలానా వీధిలో బేస్‌మెంటు ఖాళీ ఉందని ఎవరైనా వాట్సాప్ గ్రూపులో రాస్తే, సాయంత్రానికి గుమ్మం ముందు సూట్‌కేసులు ఉండేవి. అన్నయ్య శంకర్‌కి నార్త్ యార్క్‌లో బ్యాంకు ఉద్యోగం. ఇంట్లో ఇద్దరే. కింద రెండు గదులు ఊరికే ఉన్నాయని వదిన ఇద్దరు అమ్మాయిలకు ఇచ్చింది. మెట్లకు దగ్గర గదిలో ఉన్న అమ్మాయి రాత్రి డ్యూటీలు చేసుకుని పగలు నిద్రపోయేది, ఆమెతో ఈ కథకు పెద్దగా పనిలేదు. వెనక గదిలోకి వచ్చింది తేజశ్రీ.

తేజశ్రీది జగిత్యాల. సన్నగా, గాలికి ఒణికే తీగలా ఉండేది గానీ మంచి తెలివైన పిల్ల. చేరిన కాలేజీ మాత్రం, దాని పేరెందుకు గానీ, కూర్చోబెట్టే చోటుకు మించి పిల్లల్ని చేర్చుకుంది. అంచేత సగం క్లాసులూ సగం పరీక్షలూ ఇంట్లోనే, ల్యాప్‌టాప్ మీద. పరీక్ష రాస్తున్నంతసేపూ ఒక సాఫ్ట్‌వేర్ కెమెరాలోంచి కాపలా కాస్తుంది. గదిలో ఇంకెవరూ ఉండకూడదు. మధ్యలో ఇంటర్నెట్ పోతే పేపరు మూసుకుపోతుంది.

ఆ పిల్లకి మూసుకుపోయింది. ఒకసారి కాదు, రెండుసార్లు. డిసెంబరులో ఫైనల్ ఉంది, అదీ ఇలాగే తెగిపోతే మళ్ళీ అవకాశం ఇచ్చేది లేదని కాలేజీ నుంచి ఈమెయిల్ వచ్చింది. ఆ సబ్జెక్టు పోతే టర్మ్ మొత్తం మళ్ళీ చదవాలి. స్టడీ పర్మిట్ వేసవి దాకానే ఉంది. జగిత్యాలకి తిరుగు టికెట్ ఎంత ఉందో చూసుకుంటోందని పక్క గది అమ్మాయి వదినతో చెప్పింది.

వదిన కిందికి దిగి వెనక గది మధ్యలో నిలబడి తన ఫోన్ చూసుకుంది. వైఫై గుర్తు ఒక్క గీత ఉంది, అదీ ఉండీ లేనట్టు. పైకొచ్చి నాకు ఫోన్ చేసింది.

"శాంతా, మనింట్లో చివరి ఆకుకి అందడం లేదే" అంది.

నేను పప్పేమో అనుకున్నాను.

రూటరు ఉన్నది ముందుగదిలో ఈశాన్యం మూల. కేబుల్ కంపెనీ మనిషి, వైరు ఆ గోడలోంచి వచ్చింది కాబట్టి అక్కడ పెట్టి పోయాడు. వదిన మాత్రం అతనికి వాస్తు తెలుసని నమ్మింది. తెల్లవాడైనా దాన్ని నైరుతిలో పెట్టలేదు చూశావా అని మెచ్చుకుంది. ఇక దాన్ని కదపడానికి లేదు. అక్కడినుంచి వెనక గదికి వెళ్ళాలంటే సిగ్నల్ ముందు వదిన వంటింటి అలమర దాటాలి. అందులో బియ్యం మొదలు ఆవాల దాకా స్టీలు డబ్బాలు, పైన గంగాళం, పక్కన ఇడ్లీపాత్ర. అది దాటితే కింద ఫర్నేసు, దాని రేకు గొట్టాలు. ఇన్ని లోహాలు దాటుకుని పోవడానికి అది సిగ్నలా, తపస్సా?

మొదట వైరు లాగారు. వైరు మెట్ల మీదుగా పోయింది. అన్నయ్య దానికి తట్టుకుని బోర్లా పడ్డాడు. వైరు ప్రస్తావన ఆ ఇంట్లో మళ్ళీ రాలేదు. తర్వాత గోడకు గుచ్చే రిపీటరు ఒకటి తెచ్చారు. అది తనకి అందిన ఒక్క గీతనే భక్తిగా మళ్ళీ మళ్ళీ చెప్పేది తప్ప ఇంకో గీత చేర్చలేదు. నేను, పరీక్షకి పిల్లని మా ఏజాక్స్ పంపించు వదినా, మా ఇంట్లో గది ఖాళీగా ఉంది అన్నాను. ఆవిడ నావైపు చూసిన చూపు, విస్తట్లో వెంట్రుక కనపడ్డప్పుడు చూసే చూపు.

అప్పుడు వదిన ఏంటెన్నాల మీద పడింది.

మా తరానికి ఏంటెన్నా అంటే టీవీ కోసం డాబా మీద కట్టిన అల్యూమినియం చేపముల్లు. దాన్ని కొండపల్లి వైపు తిప్పితే విజయవాడ వస్తుంది, వేరే వైపు తిప్పితే చుక్కలు వస్తాయి. ఎటు తిప్పితే అటు. వదిన అదే విద్య ఇక్కడా చూపించింది. రూటరుకున్న మూడు పుల్లల్నీ వంచి, కొసలు సరిగ్గా వెనక గది వైపు కిందికి గురిపెట్టింది. పెట్టి, మెట్ల దగ్గరికొచ్చి కేక వేసింది.

"తేజా, వచ్చిందా?"

"వస్తలేదాంటీ."

ఇంకొంచెం వంచింది.

"ఇప్పుడు?"

"ఉన్నది గూడ పోయిందాంటీ."

నేను ఆ ఆదివారం అక్కడే ఉన్నాను. అలా వేలు పెట్టి చూపిస్తే ఎవరికైనా సిగ్గేస్తుంది వదినా, సిగ్నల్ మొహం చాటేసింది అన్నాను. ఆవిడ నావైపు తిరగకుండానే ఇంకో పుల్ల వంచింది. అది చూసి నాకు కొంచెం భయం వేసింది. ఈవిడ దీన్ని నిజంగా పట్టించుకుందన్నమాట అనుకున్నాను.

మా అబ్బాయి అనంత్ ఇంజనీరింగ్ చదువుతున్నాడు. తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో వస్తుంది. వాడు వచ్చి ఆ మూడు పుల్లల్ని చూసి నవ్వాడు. ఏంటెన్నా కొసలోంచి ఏమీ రాదనీ, సిగ్నల్ పుల్ల చుట్టూ పక్కలకి పరుచుకుంటుందనీ చెప్పాడు.

"ఇట్స్ లైక్ ఎ డోనట్, అత్తా."

"మీ డోనట్లు నాకెందుకురా. గారె అని చెప్పు."

వాడు కాగితం మీద గారె గీసి, చిల్లులోంచి పుల్ల దూర్చాడు. పుల్ల చుట్టూ ఉన్నదంతా గారె, అంటే సిగ్నల్. పుల్ల కొసకి ఎదురుగా ఉన్నది మటుకు చిల్లు. వదిన ఆ కాగితం చేతిలోకి తీసుకుంది.

"అంటే ఇన్నాళ్ళూ నేను ఆ పిల్ల ఆకులో చిల్లు వడ్డించానా?" అంది.

ఆ మాట మా ఇళ్ళల్లో సామెత అయిపోయింది. ఎవరైనా మాట ఇచ్చి తప్పితే చిల్లు వడ్డించాడని ఇప్పటికీ అంటాం.

అనంత్ వెళ్ళిపోతూ ఇంకో మాట చెప్పాడు. ఈ ఏంటెన్నాలు మరతీసినట్టు తిప్పితే ఊడొస్తాయనీ, బలమైనవి కొని బిగించుకోవచ్చనీ, వాటిమీద అంకె ఎంత పెద్దదైతే అంత దూరం పోతుందనీ. తర్వాత ఏదో 'కానీ' అన్నాడు. వదిన ఆ కానీ వినలేదు. రెండు రోజుల్లో పార్సిల్ వచ్చింది. మూడు నల్లటి పొడుగాటి ఏంటెన్నాలు, బెత్తాల్లాంటివి. బిగించాక ఆ రూటరు, పరీక్షల ముందు హాలులోకి వచ్చిన హెడ్మాస్టరులా ఉంది.

ఆ సాయంత్రం నేనక్కడ ఉండగానే పక్కింటి బిమ్లా తలుపు తట్టింది. బిమ్లా వాళ్ళు ఫిజీ నుంచి వచ్చినవాళ్ళు. ముత్తాత ఎప్పుడో విశాఖపట్నం వైపు నుంచి అక్కడి చెరకు తోటలకు వెళ్ళాడట. తెలుగు పోయింది. అమ్మా, నాన్నా, అన్నం లాంటివి ఓ పిడికెడు మాటలు మిగిలాయి. బ్రిటిష్ కొలంబియాలో చాలాకాలం ఉండి కొడుకు కోసం ఇటు వచ్చింది. ఆవిడా వదినా హిందీ ఇంగ్లీషు కలిపి మాట్లాడుకునేవారు. ఆవిడ తన ఫోన్ చూపించి, మీ వైఫై మా వంటింట్లో నిండుగా వస్తోంది అని నవ్వింది. ఎదురుగా బస్ స్టాపులో కూడా వస్తోందట. కింద వెనక గదిలో మాత్రం ఆ ఉన్న ఒక్క గీతా పోయింది.

అనంత్ ఫోన్‌లోనే విషయం తేల్చాడు. వాడికి నోరు తిరిగే తెలుగంతా తిండి తెలుగే.

"సేమ్ పిండి, అత్తా" అన్నాడు.

పిండి అంతే. ఏంటెన్నా కొత్త సిగ్నల్‌ని పుట్టించదు, ఉన్నదాన్ని అదుముతుంది. గారెను అదిమితే పలచనై వెడల్పుగా సాగుతుంది. అంటే అప్పడం అవుతుంది. అప్పడం వీధి చివరిదాకా పోతుంది గానీ కింది అంతస్తుకి దిగదు.

బస్ స్టాపుకి అప్పడాలు, ఇంట్లో పిల్లకి చిల్లు అని నేను పాట కట్టబోతే వదిన చేతిలో అట్లకాడ చూసి ఊరుకున్నాను.

బిమ్లా మంచి మనిషి. సంగతి విని, మా రూటరు మీ వెనక గది కిటికీకి ఎదురుగానే ఉంది, పిల్లని మాది వాడుకోమనండి అంది. వదిన నవ్వి, కాఫీ ఇచ్చి, సాగనంపి, తలుపు వేసి నావైపు తిరిగింది.

"ఆకు మనింట్లో వేసి, అన్నం పక్కింట్లో అడుక్కు తినమంటోంది. విన్నావా?"

విన్నాను. నాలుగు రోజులు ఆ మాటే విన్నాను.

మొత్తానికి చిన్న ఏంటెన్నాలు మళ్ళీ తమ స్థానాల్లోకి వచ్చాయి. ఒకదాని చోట పొడుగాటి తీగ బిగించి, ఆ తీగ కొసకి ఏంటెన్నా తగిలించి, మెట్లదాకా లాక్కొచ్చింది వదిన. ఈసారి తీగ గోడ పైఅంచున పోయింది, అన్నయ్య కాళ్ళు బతికిపోయాయి. ఇంకో సంగతి కూడా ఆవిడే కనిపెట్టింది. పుల్లని నిలబెడితే గారె పళ్ళెంలో పడుకున్నట్టు ఉంటుంది. అదే పుల్లని పడుకోబెడితే గారె బండిచక్రంలా లేచి నిలబడుతుంది. అప్పుడు కిందికీ పైకీ అందుతుంది. అనంత్‌ని అడిగితే అవునన్నాడు. ఆ అవును కోసం వాడికి సున్నుండలు పార్సిల్ వెళ్ళాయి.

స్టీలు డబ్బాలు అడ్డమని తెలిశాక వాటిని గ్యారేజీలోకి తరలించింది. ఆవిడ ఆ డబ్బాలు రామచంద్రపురం నుంచి విమానంలో మోసుకొచ్చింది, పేర్లు కొట్టించినవి. అవి లేని అలమర చూస్తే నాకే ఇల్లు ఖాళీ చేసినట్టనిపించింది. చారులోకి కందిపప్పు కావాలంటే అన్నయ్య కోటు వేసుకుని మంచులో నడిచి గ్యారేజీకి వెళ్ళేవాడు.

ఇంత చేశాక సిగ్నల్ వెనక గదికి చేరింది. చేరింది గానీ నిలకడ లేదు. మెట్ల మధ్యలో గాలిలో ఒక చోటు ఉంది. అక్కడ ఏంటెన్నా ఉంటే కింద మూడు గీతలు. బెత్తెడు అటూ ఇటూ అయితే ఒకటి. మేకు కొట్టడానికి అక్కడ గోడ లేదు. ఎవరో ఒకరు చేత్తో పట్టుకోవాలి.

పరీక్ష శనివారం పొద్దున. చూడ్డానికని నేను ఏజాక్స్ నుంచి తొందరగానే వెళ్ళాను. చూడ్డానికి అంటే, నిజం చెప్పాలంటే, ఏడిపించడానికి. గుమ్మంలోనే వదిన నా ఫోన్ తీసుకుని వైఫై ఆపేసి ఇచ్చింది. ఉన్న నాలుగు గరిటెల్లో నువ్వొక గరిటె తాగెయ్యక్కర్లేదు అంది. అన్నయ్యను కాఫీ తాగి రమ్మని అప్పటికే బయటికి తోలేసింది. రూటరు మీద ఎర్రటి జాకెట్టు గుడ్డ కప్పి ఉంది. ఇదేమిటి, దీనికి కూడా పసుపుకుంకాలిచ్చావా అన్నాను. దిష్టి తగలకుండా అంది. ఎవరి దిష్టి? "అందరి కళ్ళూ మంచివి కావు" అని నన్నే చూసింది.

తేజశ్రీ వదిన కాళ్ళకి దండం పెట్టి కిందికి వెళ్ళింది. వెనక గది తలుపు మూసిన చప్పుడు వినిపించింది. వదిన మెట్ల మధ్యలో నిలబడి, ఏంటెన్నాను అడ్డంగా పట్టుకుని, చెయ్యి పైకెత్తింది.

నేను పై మెట్టు మీద కూర్చున్నాను. అంత మంచి అవకాశం మళ్ళీ రాదు కదా. ధ్వజస్తంభం అన్నాను. ప్రదక్షిణం చెయ్యనా అన్నాను. స్కార్‌బరోలో కొత్త టవరు కట్టారని పేపర్లో వేయిస్తానన్నాను. ఆవిడ పెదవి బిగబట్టుకుని, "మాట్లాడకు. మాట కూడా అడ్డం తగుల్తుంది" అంది. స్టూలు తెస్తానంటే వద్దంది. నేను పట్టుకుంటానంటే, నీది చపలమైన చెయ్యి అంది. కుడిచెయ్యి నొప్పి పుడితే ఎడమకి మార్చింది. ఎడమ నొప్పి పుడితే కుడికి. కాసేపటికి నాకు వేళాకోళం అయిపోయింది. కింద గదిలో ఆ పిల్ల ఏం రాస్తోందో, ఏ క్షణాన తలుపు తీసుకుని ఏడుస్తూ వస్తుందో అని నేను కూడా ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. మేం ఇద్దరం అంతసేపు నోరు మూసుకుని ఒకచోట ఉండడం ఆ ముప్ఫై ఏళ్ళలో అదే మొదలు.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. తేజశ్రీ మెట్ల కిందికి వచ్చి పైకి చూసింది. మొహం వెలిగిపోతోంది.

"అయిపోయిందాంటీ. ఒక్కసారి గూడ పోలే."

వదిన చెయ్యి దించబోయింది. దిగలేదు. బిగుసుకుపోయింది. నేనే పట్టుకుని మెల్లిగా దించి, కుర్చీలో కూర్చోబెట్టి, భుజానికి అమృతాంజనం రాశాను. రాస్తూ, వీరభద్రరావు గారి కూతురివనిపించావు వదినా అన్నాను. నేను ఆవిడని వెటకారం కలపకుండా మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది. సిగ్గు అనుకున్నాను.

తేజశ్రీ పాసయింది. టర్మ్ నిలబడింది, పర్మిట్ నిలబడింది. వేసవిలో ఒట్టావాలో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయింది. ఆ గదిలోకి ఇంకో అమ్మాయి వచ్చింది. మెట్ల దగ్గర తీగ అలాగే ఉంది. తర్వాత ఏ పేరంటంలో నలుగురు కలిసినా నేనే ఈ కథ ఎత్తుకునేదాన్ని. వదిన చెయ్యెత్తి నిలబడడం అభినయించి చూపించేదాన్ని. అందరూ నవ్వేవారు. ఆవిడ మాత్రం, ఊరుకో శాంతా, అయిపోయిందిగా అని మాట తప్పించేది. గొప్పలు చెప్పుకోని మనిషి కాదు. అయినా ఈ ఒక్కదాని దగ్గర అణకువ చూపించింది. వయసొస్తోంది కాబోలు అని దాన్ని కూడా ఏడిపించాను.

వదిన పోయిన తర్వాత, పన్నెండో రోజుకి తేజశ్రీ ఒట్టావా నుంచి వచ్చింది. వడ్డన దగ్గర నిలబడి పనంతా చేసింది. సాయంత్రం సబ్‌వే స్టేషన్ దాకా నేను దిగబెట్టాను. కార్లో ఇద్దరమే. మాటల్లో మాటగా నేను మళ్ళీ ఆ శనివారం సంగతి ఎత్తాను. ధ్వజస్తంభం అన్నానని చెప్పి నవ్వబోయాను, రాలేదు. ఆ పిల్ల ఒళ్ళో బ్యాగు పక్కన పెట్టి నావైపు తిరిగింది.

"ఆంటీ, ఆ రోజు నేను పరీక్ష రాసింది మన వైఫై మీద కాదు" అంది. "బిమ్లా ఆంటీ వాళ్ళ వైఫై మీద."

నాకు మొదట వదిన మీద జాలి వేసింది. పోనీలే, ఆవిడకి తెలియనివ్వలేదు, మంచి పని చేశావమ్మా అన్నాను.

"ఆంటీయే పొయ్యి అడిగిన్రు. ముందురోజు పొద్దున గారెలు చేసి పట్టుకపోయి, పాస్‌వర్డ్ రాయించుకొని తెచ్చిన్రు. నాకిచ్చి, దీని మీద్నే రాయి, ఆ మెట్ల కాడిది నమ్మకు అన్నరు."

సిగ్నల్ లైటు పచ్చబడింది. వెనక కారు హారన్ కొట్టేదాకా నేను కదలలేదు. మరి అంతసేపు మెట్ల మీద నిలబడడం ఎందుకని అడిగాను.

"మీరొచ్చిన్రు కదాంటీ" అంది తేజశ్రీ. "పక్కింటోళ్ళని అడిగిన్నని శాంతకి తెలిస్తే నన్ను బతకనియ్యదు, ఎప్పటికీ చెప్పకు అన్నరు."

స్టేషన్ వచ్చింది. ఆ పిల్ల బ్యాగు తీసుకుని దిగి, తలుపు మూయబోతూ మళ్ళీ వంగి ఇంకో ముక్క చెప్పింది. పాత వైఫై కనిపిస్తే ల్యాప్‌టాప్ మధ్యలో దానికి మారిపోతుందని భయమేసి, ఆ పొద్దున నేను రాకముందే వదిన రూటరు ఆపేసిందట. లైట్లు వెలగడం లేదని నాకు కనపడకుండా జాకెట్టు గుడ్డ కప్పిందట.